నాన్నగారి డబుల్ బ్యారెల్‌ని పార్సిల్‌లో పంపొచ్చా?

ప్రశ్న: మాది చంద్రగిరి. మా నాన్నగారికి 72 ఏళ్లు. ఆయన పేరు మీద 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకి ఉంది. లైసెన్సు చాలా ఏళ్ల కిందట చిత్తూరు కలెక్టరాఫీసులో ఇచ్చింది, రెన్యువల్ అయ్యే ఉంది. తుపాకిని హైదరాబాద్‌లో ఉన్న మా అన్నయ్యకు ఇచ్చేద్దామనుకుంటున్నారు. అన్నయ్యకు సొంత లైసెన్సు ఉంది. ముందు చెన్నైలో ఫైరింగ్ పిన్ (తూటా అడుగున కొట్టి పేల్చే సూది) మార్పించాలి. విడదీసి, బాగా ప్యాక్ చేసి స్పీడ్ పోస్టులోనో కొరియర్‌లోనో పంపొచ్చా? ట్రావెల్స్ బస్సులో వేస్తే? అమెరికాలో ఉన్న మా బావ అక్కడ పోస్టులోనే పంపుకుంటారని చెబుతున్నాడు. ఇంట్లో పదో పన్నెండో పాత తూటాలు కూడా ఉన్నాయి.

సమాధానం:

పంపొద్దు. స్పీడ్ పోస్టు, కొరియర్, ఆర్టీసీ కార్గో, ట్రావెల్స్ బస్సు డిక్కీ, ఏదీ వద్దు. మీకు కావలసిన రెండు పనులూ, అంటే రిపేరూ, అన్నయ్యకు ఇవ్వడమూ, పార్సిల్ లేకుండానే చట్టప్రకారం అవుతాయి. కాకపోతే రెండోదానికి రెండు నెలలు ఓపిక పట్టాలి.

ముందు ఎందుకు వద్దో చెప్తాను. చాలామంది దీన్ని ప్యాకింగ్ సమస్య అనుకుంటారు. గుండు లేకుండా, బ్యారెల్ వేరు చేసి, థర్మాకోల్ పెట్టి, పెట్టెకు తాళం వేస్తే సరిపోతుందనుకుంటారు. 1959 ఆయుధాల చట్టం ప్యాకింగ్ సంగతి తర్వాత చూస్తుంది. ముందు అడిగేది ఒకటే: ఈ నిమిషాన తుపాకి ఎవరి చేతిలో ఉంది, ఆ చేతికి లైసెన్సు ఉందా? సెక్షన్ 3 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి సంపాదించడం, దగ్గర పెట్టుకోవడం, మోసుకెళ్లడం మూడూ నేరాలే. కొరియర్ కౌంటర్లో కుర్రాడు మీ పెట్టె అందుకున్న క్షణం నుంచి అది లైసెన్సు లేని మనిషి చేతిలో ఉన్నట్టు. అక్కడి నుంచి గోడౌన్, లారీ, ఇంకో గోడౌన్, డెలివరీ బాయ్ బండి. వాళ్లలో ఎవరికీ లైసెన్సు ఉండదు. తుపాకి పుచ్చుకునే మనిషికి దాన్ని ఉంచుకునే అర్హత ఉందో లేదో చూసుకోకుండా అప్పగించడాన్ని సెక్షన్ 29 విడిగా నేరం అంటుంది. అంటే తప్పు కొరియర్ వాడిదే కాదు, అప్పగించిన మీది కూడా.

ఇంకో సంగతి కొరియర్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకే సరిగా తెలియదు. సెక్షన్ 36 ప్రకారం రైలు, విమానం, బస్సు, లారీ, ఏ వాహనం మీద పనిచేసేవాళ్లయినా, తీసుకెళ్తున్న పెట్టెలో చట్టవిరుద్ధంగా ఆయుధాలున్నాయని అనుమానం వస్తే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు చెప్పి తీరాలి. చెప్పడం వాళ్ల ఇష్టం కాదు, బాధ్యత. కాబట్టి ట్రావెల్స్ డ్రైవర్‌కు నాలుగు వందలిచ్చి 'జాగ్రత్తన్నా, ఇనప సామాను' అని అప్పగించే పద్ధతి ఇద్దరినీ ముంచుతుంది. దారిలో ఎక్కడైనా తనిఖీ జరిగితే పెట్టె పక్కన లైసెన్సు ఉండదు, లైసెన్సుదారు ఉండడు. దొరికేది బుకింగ్ చీటీ మీద మీ పేరు, ఫోన్ నంబరు. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకున్నందుకు సెక్షన్ 25(1బి) కింద 2019 సవరణ తర్వాత శిక్ష 2 ఏళ్ల నుంచి 5 ఏళ్ల దాకా. లైసెన్సు నాన్నగారి పేరున ఉంది కదా అని వాదించవచ్చు. ఆ వాదన వినిపించేది కోర్టులో. ఆలోపు తుపాకి కేసు ప్రాపర్టీగా మాల్ఖానాలో, అంటే స్వాధీనం చేసుకున్న సామాను దాచే గదిలో, తుప్పు పడుతూ ఉంటుంది, సెక్షన్ 17 కింద లైసెన్సు సస్పెండో రద్దో అవుతుంది.

పోస్టాఫీసు కథ కూడా ఇలాగే ముగుస్తుంది. 1898 నాటి పాత పోస్టాఫీసు చట్టం పేలుడు పదార్థాలు, ప్రమాదకర వస్తువులు పోస్టులో పంపకూడదని సెక్షన్ 19లో చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2023 పోస్టాఫీసు చట్టం 2024 జూన్ 18 నుంచి అమల్లో ఉంది. అనుమానమొచ్చిన పార్సిల్‌ను ఆపడానికి, తెరవడానికి, నిషిద్ధ వస్తువు ఉందనిపిస్తే సంబంధిత అధికారికి అప్పగించడానికి ఇందులో అధికారాలున్నాయి. విమానంలో వెళ్లే టపా స్కానింగ్ దాటాలి. రెండు బ్యారెల్ గొట్టాలు పక్కపక్కనే కనబడే ఎక్స్‌రే బొమ్మను స్క్రీనింగ్ చేసేవాడు నీటి పైపులనుకోడు.

విడదీస్తే తుపాకి కాదుగా అనే అనుమానం మీ ప్రశ్నలోనే ఉంది కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. చట్టంలో 'ఫైర్ ఆర్మ్' నిర్వచనం సెక్షన్ 2లో ఉంది, తుపాకి భాగాలు కూడా అందులోకే వస్తాయి. బ్యారెల్ ఒక పార్సిల్, స్టాక్ (భుజానికి ఆనించే చెక్క) ఒక పార్సిల్, ముందు చెక్క ఒక పార్సిల్ చేసి పంపితే ఒక నేరం మూడు పార్సిళ్లవుతుంది, అంతే. చిన్న భాగాలకు సెక్షన్ 45లో మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ దాన్ని చివరిదాకా చదవాలి. ఆ భాగాన్ని మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేనప్పుడే మినహాయింపు. ఎవరి అలమారాలోనో అలంకారంగా పడి ఉన్న పాత ట్రిగ్గర్ గార్డుకు అది వర్తిస్తుంది. మీ తుపాకిలో బిగించడానికే పంపే ఫైరింగ్ పిన్‌కు వర్తించదు. కాబట్టి పిన్ ఒక్కటే కొరియర్‌లో తెప్పించుకుందామనే ఉపాయం కూడా పనికిరాదు. పనికిరాని పాతకాలపు తుపాకులకు ఇచ్చిన మినహాయింపూ ఇలాంటిదే. రిపేరు చేసినా పేలని స్థితిలో ఉంటేనే. మీది పిన్ మారిస్తే పేలుతుంది.

బావగారు చెప్పింది సగం నిజం. అమెరికాలో సైతం పిస్టల్, రివాల్వర్ లాంటి దాచుకోగల ఆయుధాలను మామూలు మనుషులు పోస్టులో పంపకూడదని 1927లోనే చట్టం చేశారు. పోస్టులో వెళ్లగలిగేవి గుండు లేని రైఫిళ్లు, షాట్‌గన్‌లు. అవీ 1968 గన్ కంట్రోల్ చట్టం గీసిన గీతల్లోనే. సొంత రాష్ట్రంలో ఉన్నవాడికైతే పంపొచ్చు. వేరే రాష్ట్రంలో ఉన్న మామూలు మనిషికి నేరుగా పంపకూడదు, అక్కడి ఫెడరల్ లైసెన్సున్న డీలరుకు పంపాలి. అతను రికార్డుల్లో రాసుకుని, కొనేవాడి వివరాలు సరిచూసి ఇస్తాడు. తూటాలు అక్కడి పోస్టులో అసలు వెళ్లవు. బావగారు చూసింది ఆ డీలర్ల గొలుసును. మనకు అలాంటి గొలుసు పోస్టాఫీసు మీదుగా లేదు. మన దగ్గర తుపాకి లైసెన్సుదారు వెంట నడుస్తుంది, లేదా రవాణా లైసెన్సు చేతిలో ఉన్న డీలరు వెంట.

మాటలో మాట: బావగారు అక్కడి నుంచి 'ఒక స్కోపో, చిన్న పార్టో పోస్టులో పంపుతా' అంటే వద్దని చెప్పండి. అక్కడ తుపాకి భాగాలతో పాటు తుపాకిపై బిగించే స్కోపులు కూడా ఎగుమతి నియంత్రణ కిందికి వస్తాయి. ఇక్కడ తుపాకి, దాని భాగాలు దిగుమతి చేసుకోవడానికి సెక్షన్ 10 కింద లైసెన్సు కావాలి. ఆ పార్సిల్ కస్టమ్స్‌లో ఆగితే నోటీసు వచ్చేది మీ చంద్రగిరి చిరునామాకే.

ఇక రిపేరు సంగతి. ఇక్కడ చట్టం మీకొక మంచి దారి ఇచ్చింది. సెక్షన్ 3లోనే, లైసెన్సుదారు పక్కన ఉన్నప్పుడు గానీ, ఆయన రాతపూర్వక అనుమతితో గానీ, వేరే మనిషి లైసెన్సు లేకపోయినా తుపాకిని మోసుకెళ్లవచ్చని ఉంది. మూడు పనులకే: రిపేరుకు, లైసెన్సు రెన్యువల్‌కు, లైసెన్సుదారు స్వయంగా వాడుకోవడానికి. కాబట్టి 72 ఏళ్ల మనిషిని చెన్నై దాకా తిప్పనక్కర్లేదు, మీరే తీసుకెళ్లొచ్చు. మీకు 21 ఏళ్లు నిండి ఉండాలి. అయితే ఈ వెసులుబాటు అన్నయ్యకు తుపాకి చేరవేయడానికి పనికిరాదు. అది రిపేరూ కాదు, రెన్యువలూ కాదు. 'రిపేరుకని తీసుకెళ్లి అటునుంచి అటే అన్నయ్యకు ఇచ్చేస్తే' అనే ఆలోచన వస్తే ఇక్కడే వదిలేయండి.

అనుమతి ఉత్తరం తెల్లకాగితం మీద రాసినా చాలు, కానీ వివరాలు పూర్తిగా ఉండాలి. నాన్నగారి పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, యూఐఎన్ (ఆన్‌లైన్ రికార్డులో ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబరు), తుపాకి తయారీ, బోరు, బ్యారెల్ మీద కొట్టిన నంబరు, మీ పేరు, ఆధార్ నంబరు, ఏ ఊళ్లో ఏ దుకాణానికి, ఏ పనికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, కింద ఆయన సంతకం. ఒరిజినల్ లైసెన్సు బుక్కు మీ దగ్గరే ఉండాలి. జెరాక్సు చాలదు. సెక్షన్ 19 కింద పోలీసులు లైసెన్సు చూపించమంటారు, చూపించలేకపోతే తుపాకి స్వాధీనం చేసుకోవచ్చు. బయల్దేరే ముందు తుపాకి మీది నంబరు, బుక్కులో నంబరు ఒకటేనా అని వెలుతురులో పెట్టి చూసుకోండి. పాత చేతిరాత లైసెన్సుల్లో 3, 8 కలిసిపోయి ఉంటాయి, 1, 7 కూడా. ఆ తేడా ఇంట్లో ఎవరికీ కనబడదు, సరిహద్దు చెక్‌పోస్టులో మాత్రం తప్పకుండా కనబడుతుంది.

చెన్నై అనగానే అసలు చిక్కు మొదలవుతుంది. మన జిల్లాల వాళ్లకు ఇది మరీ ఎక్కువ. రేణిగుంట, పుత్తూరు, నగరి దాటితే తమిళనాడు. చిత్తూరు, పలమనేరు దాటితే కర్ణాటక. తుపాకి లైసెన్సుకు ఏరియా ఉంటుంది: జిల్లా వరకా, రాష్ట్రం వరకా, పక్క రాష్ట్రాలు కలిపా, దేశమంతానా. బుక్కులో ఆ గడి తెరిచి చూడండి. 'ఆంధ్రప్రదేశ్' అని మాత్రమే ఉంటే నగరి దాటిన తర్వాత ఆ లైసెన్సు చెల్లదు, వెంట మీరున్నా, నాన్నగారున్నా. అప్పుడు రెండే దారులు. ఒకటి, రాష్ట్రంలోనే రిపేరు లైసెన్సున్న దుకాణం చూసుకోవడం. రెండోది, లైసెన్సు ఇచ్చిన అధికారి దగ్గర ముందే ఏరియా పొడిగింపో, ప్రయాణ అనుమతో రాయించుకోవడం. నా మాట వింటే మొదటిదే మేలు. పిన్ మార్పు పెద్ద పని కాదు. ఒక్క రోజు రిపేరుకు మూడు వారాలు ఆఫీసు చుట్టూ ఎందుకు తిరగాలి?

దుకాణంలో ముందు అడగాల్సింది వాళ్ల రిపేరు లైసెన్సు. తుపాకులు అమ్మే లైసెన్సు వేరు, బాగుచేసే లైసెన్సు వేరు. కొన్ని చోట్ల రెండూ ఉంటాయి. తుపాకి అక్కడ వదిలేస్తుంటే వాళ్ల రిజిస్టర్‌లో నమోదు చేయించి, నంబరుతో సహా రసీదు తీసుకోండి. డబుల్ బ్యారెల్‌లో పిన్లు రెండుంటాయి. ఒకటి అరిగిందంటే రెండోదీ దాదాపు అదే వయసులో ఉంటుంది, స్ప్రింగులతో సహా రెండూ ఒకేసారి మార్పించండి. తూటాలు తీసుకెళ్లొద్దు. పిన్ సరిగా కొడుతోందో లేదో చూడటానికి రిపేరువాళ్ల దగ్గర ఉత్తుత్తి తూటాలు ఉంటాయి.

తీసుకెళ్లే పద్ధతి: లివర్ తిప్పి తెరిచి, రెండు ఛాంబర్లలో వేలు పెట్టి ఖాళీ అని తేల్చుకోండి. కళ్లతో చూడటం చాలదు. ముందు చెక్క ఊడదీసి, బ్యారెల్, స్టాక్ వేరు చేసి, విడివిడిగా గుడ్డ చుట్టి, తాళమున్న పెట్టెలో పెట్టండి. కారులో వెనక డిక్కీలో. రైల్లో అయితే సీటు కింద, మీ కాళ్ల దగ్గర. బ్రేక్ వ్యాన్‌లో పార్సిల్‌గా బుక్ చేయొద్దు. అది మళ్లీ మొదటి సమస్యే. తుపాకి ఎప్పుడూ మీ అదుపులో ఉండాలి. బస్టాండులో పెట్టె బెంచీ మీద పెట్టి టీకి వెళ్లడం కుదరదు.

ఇప్పుడు అన్నయ్యకు ఇవ్వడం. సొంత వాడకానికున్న తుపాకిని లైసెన్సున్న వేరొకరికి అమ్మడం, ఇవ్వడం సెక్షన్ 5లో ఉంది. అన్నదమ్ముల మధ్య అయినా, డబ్బు చేతులు మారకపోయినా ఇదే దారి. ముందుగా జిల్లా మెజిస్ట్రేట్‌కు గానీ, దగ్గర పోలీస్ స్టేషన్ అధికారికి గానీ రాతపూర్వకంగా తెలపాలి: ఏ తుపాకి, ఎవరికి ఇస్తున్నారు, ఆయన చిరునామా. తెలిపిన తర్వాత కనీసం 45 రోజులు గడవాలి. ఆ తర్వాతే తుపాకి చేతులు మారాలి. నలభై నాలుగో రోజు ఇచ్చినా తప్పే. అందుకే దరఖాస్తు ఇచ్చినప్పుడు తేదీ ముద్రతో అక్నాలెడ్జ్‌మెంట్ తప్పనిసరిగా తీసుకోండి. లెక్క మొదలయ్యేది ఆ ముద్ర నుంచే. కలెక్టరాఫీసుకు ఒకటి, స్టేషన్‌కు ఒకటి, రెండు చోట్లా ఇవ్వడం మంచిది. స్టేషన్ రైటర్ 'అక్కడ ఇచ్చారుగా, ఇక్కడెందుకు' అంటే, మర్యాదగా, కాపీ మీద సంతకం పెట్టమని అడగండి.

ఎక్కడ ఇవ్వాలన్న ప్రశ్న మీకు తప్పకుండా వస్తుంది. లైసెన్సు చిత్తూరులో ఇచ్చారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు చంద్రగిరి అందులోకి వచ్చింది. కాబట్టి ఇప్పుడు మీ జిల్లా మెజిస్ట్రేట్ తిరుపతి కలెక్టరు. ముందు అక్కడి ఆయుధాల సెక్షన్‌కు వెళ్లి, నాన్నగారి ఫైలు చిత్తూరు నుంచి వచ్చిందా, ఆన్‌లైన్ రికార్డులో యూఐఎన్ తిరుపతి కింద కనబడుతోందా అని అడగండి. ఈ ఒక్క పని చేయకపోతే 45 రోజులు పూర్తయిన తర్వాత 'ఫైలు మా దగ్గర లేదండీ' అనే మాట వింటారు, అప్పుడు మళ్లీ మొదటికే.

అన్నయ్య వైపు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆయన దగ్గర ఇప్పటికే ఎన్ని తుపాకులున్నాయి? 2019 సవరణ తర్వాత ఒక మనిషికి గరిష్ఠంగా రెండే, వారసత్వంగా వచ్చినవి కలిపి. ఆయనకు ఇప్పటికే రెండుంటే నాన్నగారిది తీసుకోలేరు, ముందు ఒకటి వదులుకోవాలి. ఒకటే ఉంటే, హైదరాబాద్ పోలీస్ కమిషనర్ ఆఫీసులో ఈ 12 బోర్‌ను తన లైసెన్సులో చేర్చుకోవడానికి అనుమతి తీసుకోవాలి. అది చేతికి వచ్చాకే మీ వైపు చివరి అడుగు వేయండి. అన్నయ్య లైసెన్సు ఏరియాలో ఆంధ్రప్రదేశ్ ఉందో లేదో కూడా చూడండి. ఆయన ఇక్కడికి వచ్చి తుపాకి తీసుకుని వెళ్లాలి. కడప, కర్నూలు మీదుగా వెళ్తూ తుంగభద్ర వంతెన దాటేదాకా అది ఆంధ్ర నేల. ఉమ్మడి రాష్ట్రంలో తీసుకున్న లైసెన్సైతే ఇంకా జాగ్రత్త. బుక్కులో 'ఆంధ్రప్రదేశ్' అని ఉన్నా, 2014 జూన్ 2 నుంచి హైదరాబాద్ వేరే రాష్ట్రం. రెండు రాష్ట్రాల పేర్లూ స్పష్టంగా రాయించుకోవడం మేలు. ఇది మీ నాన్నగారి బుక్కుకూ వర్తిస్తుంది, అందుకే తుపాకి పట్టుకుని హైదరాబాద్ వెళ్లాల్సింది నాన్నగారు కాదు, అన్నయ్యే రావాలి.

అన్నీ సిద్ధమైన రోజు ఇద్దరి లైసెన్సు బుక్కులూ ఎదురెదురుగా పెట్టి, తుపాకి నంబరు సరిచూసి, అప్పగింత కాగితం రెండు ప్రతులు రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. నాన్నగారి బుక్కులోంచి ఆ తుపాకి తీసేసినట్టు తిరుపతి కలెక్టరాఫీసులో నమోదు చేయించాలి. వేరే తుపాకి లేకపోతే లైసెన్సు కూడా అప్పగించవచ్చు. అన్నయ్య తన దగ్గర ఎక్కించుకోవాలి. ఒకవైపు ఎక్కి, ఇంకోవైపు తీయకపోతే ఒకే తుపాకి రెండు పేర్ల మీద ఉంటుంది, తర్వాతి రెన్యువల్‌లో ఇద్దరికీ తలనొప్పి.

రెండో మార్గం ఒకటుంది, అన్నయ్యకు లైసెన్సు లేకపోయినా పనికొచ్చేది. 2016 ఆయుధాల నియమాల్లో 25వ నియమం ప్రకారం, లైసెన్సుదారు చనిపోయాకనే కాదు, ఆయనకు 70 ఏళ్లు నిండినా, తుపాకి 25 ఏళ్లుగా ఆయన దగ్గరున్నా, వారసుడు ఆ తుపాకి కోసం లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. మీ నాన్నగారికి 72 కాబట్టి ఈ తలుపు తెరిచే ఉంది. అన్నయ్యకు బదులు మీరే ఉంచుకుందామనుకుంటే ఇదే సరైనది. తుపాకి ఊరు దాటాల్సిన పనే ఉండదు.

నాన్నగారు బాగున్నప్పుడే ఇవన్నీ చేయడం ఎందుకు ముఖ్యమంటే, లైసెన్సుదారు పోతే మర్నాటి నుంచి ఆ తుపాకి ఇంట్లో ఎవరిదీ కాదు. సెక్షన్ 21 ప్రకారం అనవసర ఆలస్యం లేకుండా దగ్గర పోలీస్ స్టేషన్‌లోగానీ, లైసెన్సున్న డీలరు దగ్గరగానీ డిపాజిట్ చేయాలి, చేయకపోవడం విడిగా నేరం. కర్మలయ్యాక చూద్దాంలే అని అటక మీద పెట్టడం మన పల్లెల్లో ఎక్కువగా జరిగే తప్పు. పంట కాపలాకు ఇచ్చిన నాటు తుపాకుల విషయంలో మరీనూ. డిపాజిట్ చేసినంత మాత్రాన తుపాకి పోదు. లైసెన్సు వచ్చాక వారసుడు తిరిగి తీసుకోవచ్చు, అర్హత ఉన్నవాళ్లకు అమ్ముకోవచ్చు. కానీ నిర్ణీత గడువు దాటితే ప్రభుత్వానికి జప్తవుతుంది. డిపాజిట్ రసీదు వెనక ఆ తేదీ పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి.

తేదీలు చూసుకునేటప్పుడు ఇంకో రెండు సంగతులు. ఎన్నికల కోడ్ వస్తే లైసెన్సు తుపాకులను స్టేషన్లలో డిపాజిట్ చేయమంటారు. మీ 45 రోజులు అందులో పడితే పని ఆగుతుంది. రెండోది, అన్నయ్య హైదరాబాద్ నుంచి వస్తున్నాడంటే పనిలోపని కొండకు కూడా వెళ్తాడు. దర్శనం ముందు, తుపాకి తర్వాత. అలిపిరి తనిఖీలో కారు డిక్కీ తెరిపిస్తారు, ఆయుధం కొండ మీదికి వెళ్లదు, లైసెన్సు ఉన్నా సరే. లైసెన్సు షరతుల్లోనే జాతరలు, మతపరమైన ఊరేగింపులు, జనం గుమిగూడే చోట్లకు ఆయుధం తీసుకెళ్లకూడదని ఉంటుంది. గంగమ్మ జాతర రోజుల్లో తిరుపతి వీధుల్లోంచి తుపాకి పెట్టెతో వెళ్లే పని పెట్టుకోకండి.

విమానంలో వెళ్తానంటే రేణిగుంట నుంచి కుదురుతుంది. ఎయిర్‌లైన్‌కు ముందే చెప్పాలి. చెకిన్ కౌంటర్లో ఒరిజినల్ లైసెన్సు చూపి, ఖాళీ తుపాకిని తాళమున్న గట్టి పెట్టెలో చెకిన్ సామానుగా ఇవ్వాలి. తూటాలు తుపాకిలో కాదు, విడిగా ప్యాక్ చేయాలి. సాధారణంగా మనిషికి ఒక ఆయుధం, 50 తూటాలు అనే పరిమితి పెడతారు. మామూలు సమయం కంటే గంట ముందు వెళ్లాలి, ఎందుకంటే అక్కడ కాగితాలు నింపే పని ఉంటుంది. చేతిసంచిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. వేటకో, ప్రాక్టీసుకో వాడిన పాత బ్యాగు పక్కజేబులో మరిచిపోయిన తూటా ఎయిర్‌పోర్టు స్కానర్‌లో దొరికి కేసయిన సందర్భాలు దేశమంతా ఉన్నాయి. తెలిసి ఉంచుకుంటేనే అది నేరపూరితమైన 'పొసెషన్' అని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది కాబట్టి కోర్టుల్లో అలాంటివి కొన్ని నిలబడలేదు. కానీ ఆ రోజు విమానం మాత్రం వెళ్లిపోతుంది.

ఎయిర్‌గన్ సంగతి వేరు, మీరు అడగకపోయినా చాలామందికి ఇక్కడే తికమక. 0.177 బోరు, అంటే 4.5 మిల్లీమీటర్లు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నవాటికి లైసెన్సు అక్కర్లేదు. అమ్మేవాళ్లు గుర్తింపు కార్డు తీసుకుని కొరియర్‌లోనే పంపుతుంటారు. లోపల బోరు, శక్తి రాసిన బిల్లు పెడితే దారిలో ప్రశ్నలు తగ్గుతాయి. అయినా కొన్ని కొరియర్లు తీసుకోవు, అది వాళ్ల ఇష్టం. గాలి నింపే సిలిండర్ ఉన్న రకమైతే గాలి పూర్తిగా తీసేసి పంపాలి, నింపిన సిలిండర్ ప్రమాదకర సరుకు కిందికి వస్తుంది. 0.22 బోరైతే ఇవేవీ వర్తించవు, అది లైసెన్సు ఆయుధమే.

చివరికి ఆ పాత తూటాలు. అవి మందు నింపిన సరుకు కాబట్టి తుపాకి కంటే వాటి విషయంలోనే పార్సిల్ మరీ అసాధ్యం. మంచివైతే సెక్షన్ 5 దరఖాస్తులోనే వాటి సంఖ్య కూడా రాసి, తుపాకితో పాటే అన్నయ్యకు ఇవ్వొచ్చు, ఆయన లైసెన్సులో రాసిన పరిమితి లోపల. కానీ ముందు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూడండి. అడుగు ఇత్తడి పచ్చబడి ఉంటే, కాగితపు గొట్టం ఉబ్బి ఉంటే, మూతి దగ్గర పగిలి గుండ్లు కదులుతుంటే అవి పేల్చడానికి పనికిరావు, అన్నయ్యకూ ఇవ్వొద్దు. కాల్చేయడం, బావిలో వేయడం, చెరువు గట్టున పాతిపెట్టడం ఏవీ చేయొద్దు. స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి. రసీదులో బోరు, సంఖ్య విడివిడిగా రాయించుకోండి. నాన్నగారి బుక్కులో కొన్నట్టు రాసిన లెక్క, వాడిన లెక్క తీసేశాక మిగిలిన సంఖ్య, రసీదులో సంఖ్య, ఈ మూడూ కలవాలి.